పాఠం 17: నాన్న ఫ్లాపీ, బాబాయి నోట్‌బుక్కు

చదివే ముందు: మీ అమ్మానాన్నలు ఇండియా నుంచి తెచ్చుకుని, ఇప్పుడు వాడలేకపోయినా పారేయలేకపోతున్న వస్తువు మీ ఇంట్లో ఏదైనా ఉందా? అడిగి చూడండి. దాని పేరు తెలుగు అక్షరాల్లో రాసుకుని, తర్వాత పాఠంలోకి రండి.

పిల్లలూ, ఈసారి కథ వేరే ఎవరిదో కాదు, మా ఇంట్లో జరిగిందే. నేను ఆదివారం తెలుగు బడిలో మాష్టార్ని కాబట్టి తప్పులన్నీ మీరే చేస్తారని మీకో నమ్మకం ఉండొచ్చు. ఇది నేను చేసిన తప్పు.

పోయిన వేసవిలో డల్లాస్‌లో మా ఇంటి అటక సర్దుతుంటే, పాత సర్టిఫికెట్ల ఫైలు మధ్యలోంచి నల్లటి ఫ్లాపీ ఒకటి జారిపడింది. మా అమ్మాయి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

“నాన్నా, సేవ్ బటన్ బొమ్మని ఎవరు ప్రింట్ చేశారు?” అంది.

నవ్వకండి. మీలో సగం మంది అదే అడుగుతారు. సేవ్ బటన్ మీద ఉండే బొమ్మ ఈ ఫ్లాపీదే. మూడున్నర అంగుళాల ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లు. ఇప్పటి ఫోనుతో తీసిన ఒక్క ఫొటో కూడా చాలాసార్లు అందులో పట్టదు. అలాంటిదాంట్లో ఓ రాజమహలు, కత్తియుద్ధాలు, మంత్రి చెరలో ఉన్న రాకుమారి, ఆమె కోసం పరిగెత్తే కుర్రాడు, అందరూ పట్టారు. ఫ్లాపీ మీద మా తమ్ముడి దస్తూరీతో ‘ప్రిన్స్’ అని రాసి ఉంది.

అది ప్రిన్స్ ఆఫ్ పర్షియా. జోర్డాన్ మెక్నర్ అనే అమెరికన్ కుర్రాడు యాపిల్ 2 కంప్యూటర్ కోసం తయారుచేస్తే 1989లో వచ్చింది. తర్వాత డాస్ కంప్యూటర్లకీ వచ్చింది. ఆ యువరాజు పరుగు నిజం మనిషి పరుగులా ఉంటుంది. ఎందుకంటే అది నిజం పరుగే! మెక్నర్ తన తమ్ముడు డేవిడ్‌కి తెల్లబట్టలు వేయించి, పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి, దాన్ని చూస్తూ బొమ్మలు వేశాడు. ఆటలో శత్రువుగా ఇంకో మనిషిని పెడదామంటే కంప్యూటర్ మెమరీలో చోటు మిగల్లేదు. అప్పుడు యువరాజు బొమ్మనే కొంచెం మార్చి ‘నీడ మనిషి’ని పుట్టించాడు. చోటు లేకపోవడం వల్ల పుట్టిన ఆ నీడ మనిషే ఆటలో నాకు అందరికన్నా ఇష్టం.

మేం ఆడింది తెనాలిలో, మా మావయ్య కంప్యూటర్ సెంటర్లో. పగలంతా అక్కడ వర్డ్‌స్టార్, లోటస్, ఫాక్స్‌ప్రో నేర్పేవారు. రాత్రి ఎనిమిదికి క్లాసులు అయిపోయాక, షట్టర్ సగం దించి, నేనూ తమ్ముడూ ఒకే కుర్చీలో చెరో పక్కా కూర్చునేవాళ్ళం. ఆ ఫ్లాపీ కొన్నది కాదు, ఎవరి దగ్గరో ఉంటే కాపీ చేసుకున్నది. అప్పట్లో మా ఊళ్ళో అందరూ అలాగే చేసేవాళ్ళు, అయినా అది సరైన పని కాదు. మీకు ఆ అవసరం కూడా లేదు. పాత ఆటల్ని డాస్‌బాక్స్‌తో కలిపి అమ్మే దుకాణాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో అయితే చాలా డాస్ ఆటలు బ్రౌజర్‌లోనే నడుస్తాయి.

సరే, ఫ్లాపీ దొరికింది. ఏం లాభం? మా కంప్యూటర్‌కి ఫ్లాపీ పెట్టే చోటే లేదు. యు.ఎస్.బి.తో తగిలించే చిన్న డ్రైవు ఒకటి తెప్పించాం. పెట్టేముందు మా అమ్మాయికి ఒక పని చూపించాను. ఫ్లాపీ మూలన చిన్న ప్లాస్టిక్ తలుపు ఉంటుంది. దాన్ని జరిపి ఆ కన్నం తెరిచి పెడితే, కంప్యూటర్ దానిమీద చదవగలదే గాని రాయలేదు. పాత వస్తువుతో పనిచేసేటప్పుడు మొదట చెయ్యాల్సింది ఇదే. అసలుదాన్ని ముట్టుకోకుండా కాపీ తీసుకోవాలి, ప్రయోగాలన్నీ కాపీ మీదే చెయ్యాలి.

డ్రైవు ‘గర్ర్ గర్ర్’ మంది. ఫ్లాపీలో ఉండేది అయస్కాంతపు పూత పూసిన పల్చటి రేకు, ఏళ్ళు గడిచేకొద్దీ అది పాడవుతుంది. రెండుసార్లు చదవలేనంది. మూడోసారి ఫైళ్ళన్నీ వచ్చేశాయి. మా అమ్మాయి గబగబా ప్రిన్స్ అనే ఫైలు మీద రెండుసార్లు నొక్కింది. ఈ ప్రోగ్రామ్ మీ కంప్యూటర్లో నడవదని విండోస్ తేల్చేసింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఈ మూడు వాక్యాలు చూడండి.

ఆట నడవదు. (ఎప్పుడూ అంతే. దాని స్వభావం.)
ఆట నడవలేదు. (నిన్న ప్రయత్నించాం, అవలేదు.)
ఆట నడవట్లేదు. (ఇదిగో, ఇప్పుడు అవడంలేదు.)

ఇంట్లో ‘ఆట నడవదు’ అంటే నాన్న ఆశ వదిలేసుకుంటాడు. ‘నడవట్లేదు’ అంటే వచ్చి చూస్తాడు. మన కంప్యూటర్ అన్నది మొదటి మాట. ఆ ఆటని 16 బిట్ల కాలంలో రాశారు. ఇప్పటి 64 బిట్ల విండోస్‌కి ఆ భాష బొత్తిగా రాదు. మీ ముత్తాతగారు వచ్చి గ్రాంథికంలో మాట్లాడితే మీరెలా చూస్తారో, అలా చూస్తుంది.

మరి మధ్యలో ఎవరు ఉండాలి? ఎమ్యులేటర్. దీనికి తెలుగు మాట వెతకడం కన్నా మన ఊళ్ళ పగటివేషగాళ్ళని గుర్తుచేసుకోవడం నయం. పగటివేషగాడు పోలీసు వేషం వేసుకుని వీధిలోకి వస్తే, నిజం పోలీసే అనుకుని జనం సర్దుకుని నిలబడేవాళ్ళట. డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ అలా పాత కంప్యూటర్ వేషం వేస్తుంది. 2002 నుంచి ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. పాత ప్రాసెసర్, పాత తెర, సౌండ్ బ్లాస్టర్ అనే పాత శబ్దాల కార్డు, అన్నీ నేనేనంటుంది. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో అందులో కార్డు అంత. అయినా ఆట నమ్మేసి హాయిగా నడుస్తుంది! ఏదైనా ఆట మొదట్లో శబ్దాల కార్డు వివరాలు అడిగితే 220, 7, 1 అని ఇవ్వండి. డాస్‌బాక్స్ మామూలుగా పెట్టుకునే అంకెలు అవే.

డాస్‌బాక్స్ తెరిస్తే మౌస్‌తో పనిలేని నల్లటి తెర వస్తుంది. మీ ఆటల ఫోల్డర్ ఎక్కడుందో దానికి ‘మౌంట్’ అనే ఆజ్ఞతో చెప్పాలి. మౌంట్, ఖాళీ, సి, ఖాళీ, ఫోల్డర్ దారి. తర్వాత సి, కోలన్, ఎంటర్. ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలండోయ్. డాస్‌కి తెలుగు రాదు. దానికి పొడుగు పేర్లూ గిట్టవు. పేరుకి ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు, అంతే. మా అమ్మాయి ‘నాన్న పాత ఆటలు’ అని ముచ్చటగా ఫోల్డర్ పెడితే, డాస్‌బాక్స్ దాన్ని ఆరు అక్షరాలకి నరికి చివర ఒకటి అంకె తగిలించింది. అందుకే చిన్న పేరు పెట్టండి. ఒక్కో ఆటకి ఒక్కో ఫోల్డరు. అందులోనే ఆ ఆట పుస్తకం ఫొటోలు, ఏ మీటలు నొక్కాలో రాసుకున్న చీటీ కూడా ఉంచండి. ఆట ఒకచోట, దాని పుస్తకం ఇంకోచోట ఉంటే ఏమవుతుందో కాసేపట్లో చూస్తారు. ఏదైనా ఆట మరీ పరుగులు పెడితే కంట్రోల్‌తో ఎఫ్11 నొక్కితే నెమ్మదిస్తుంది, ఎఫ్12 నొక్కితే వేగం పెరుగుతుంది.

ఆట మొదలుపెట్టే ముందు, లోపల ఏమేం ఉన్నాయో చూద్దామని మా అమ్మాయి ‘డిర్’ అని కొట్టింది. ఫైళ్ళ పేర్లు, వాటి పక్కన తేదీలు వరుసగా వచ్చాయి. సేవ్ చేసిన ఆట ఫైలు పక్కన 18-06-1996, 21:40 అని ఉంది.

“నాన్నా, బాబాయి ఎనిమిదో అంచెదాకా వెళ్ళాడని, ఫ్లాపీ పాడైపోయి అంతా పోయిందని చెప్పావు కదా?”

“ఊఁ.”

“బాబాయి ఇంటర్‌కి హాస్టల్‌కి వెళ్ళింది జూన్ 16న అని మొన్న నాయనమ్మ చెప్పింది. మరి 18న ఎవరు సేవ్ చేశారు?”

ఆ ఆటలో సేవ్ చేసుకునే చోటు ఒక్కటే. మూడో అంచె నుంచి కంట్రోల్‌తో జి నొక్కితే, పాతదాని మీద కొత్తది వచ్చి కూర్చుంటుంది. మొత్తం 12 అంచెలు, గంటలో ముగించాలి. తమ్ముడు ఎండాకాలం సెలవలన్నీ కష్టపడి, ఎనిమిదో అంచెకి ఇంకా 31 నిమిషాలు మిగుల్చుకుని, దసరాకి వచ్చి పూర్తి చేస్తానని చెప్పి బస్సెక్కాడు. రెండు రోజులు ఆగి నేను ఆడాను. నాలుగో అంచెకి చేరిన సంబరంలో కంట్రోల్ జి నొక్కేశాను. దసరాకి వాడొస్తే “ఫ్లాపీ పాడైందిరా” అన్నాను. వాడేమీ అనలేదు. ఆ సెలవల్లో మళ్ళీ సెంటర్‌కి రాలేదు.

మావయ్య కంప్యూటర్‌లో గడియారం బ్యాటరీ అయిపోయి ఉంటే తేదీ 1980 అని పడేది, నేను బతికిపోయేవాణ్ణి. మావయ్య బ్యాటరీ మార్పించాడు, ఏం చేస్తాం!

మా అమ్మాయి ఇంకేమీ అనకుండా కొత్త ఆట మొదలుపెట్టింది. మొదటి అంచె దాటేసరికి ఒక గది వచ్చింది. నిండా సీసాలు, ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం. ఆట పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా వరస, ఫలానా మాట మొదటి అక్షరం ఏదో, ఆ సీసా తాగమంటుంది. కొనకుండా కాపీ చేసుకున్నవాళ్ళని ఆపడానికి పెట్టిన కాపలా అది. పుస్తకం మాకెక్కడిది? తమ్ముడు ఎవరి పుస్తకంలోంచో ఆ అక్షరాలన్నీ తన నోట్‌బుక్కులో ఎక్కించుకున్నాడు. ఆ నోట్‌బుక్కు తెనాలిలో ఉంది.

ఇక్కడ రాత్రి తొమ్మిది. అక్కడ పొద్దున్న ఏడున్నర. ఫోన్ చేశాం.

“బాబాయ్, నీ ప్రిన్స్ నోట్‌బుక్కు ఉందా?”

“ఉందమ్మా, బీరువాలో ఉంది. ఏం, ఆట నడుస్తోందా?” వాడి గొంతులో పదిహేనేళ్ళ కుర్రాడు వినిపించాడు. “ఉండు, తెస్తా. నాన్న ఉన్నాడా పక్కన?”

మా అమ్మాయి ఫోను నా చేతికిచ్చింది. ఇవ్వడమే కాదు, నావంక అలా చూస్తూ నిలబడింది.

“ఒరేయ్, ఆ ఫ్లాపీ పాడవలేదురా. నేనే నీ ఆట మీద సేవ్ చేశాను. అప్పుడు చెప్పలేకపోయాను,” అన్నాను.

కాసేపు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

“డిర్ కొట్టడం నాకూ వచ్చు అన్నయ్యా. దసరాకే చూశాను తేదీ,” అన్నాడు. “ఎప్పుడు చెప్తావా అని చూశా. సరేగాని, ఏ పేజీ అడుగుతోంది?”

పేజీ, వరస, మాట చెప్పాం. వాడు అక్షరం చెప్పాడు. మా అమ్మాయి ఆ సీసా తాగించింది. తలుపు తెరుచుకుంది.

కొత్త మాటలు

అటక: ఇంటి కప్పు కింద సామాను దాచే చోటు
దస్తూరీ: చేతిరాత
చెర: బందీగా ఉండడం
పగటివేషగాడు: రకరకాల వేషాలు వేసి ఊళ్ళు తిరిగే కళాకారుడు
అంచె: ఆటలో ఒక్కో దశ

అభ్యాసం

1. నడవదు, నడవలేదు, నడవట్లేదు. ఇలాగే ‘తినడం’, ‘తెరుచుకోవడం’ అనే మాటలతో మూడేసి వాక్యాలు రాయండి.

2. పాఠంలో అన్న తమ్ముడితో ‘ఒరేయ్’ అన్నాడు. తమ్ముడు అన్నని ఏమని పిలిచాడు? మీ ఇంట్లో మీకన్నా పెద్దవాళ్ళని, చిన్నవాళ్ళని ఏమని పిలుస్తారో రాయండి.

3. మీ ఊళ్ళో ఇప్పుడు టైమెంత? తెనాలిలో ఎంత? అంకెల్లో కాకుండా మాటల్లో రాయండి.

4. తమ్ముడికి దసరాకే సంగతి తెలుసు. అయినా ఎందుకు అడగలేదు? ఇంట్లో ఎవరినైనా అడిగి, వాళ్ళు చెప్పిన జవాబుని ‘అట’ వాడి రాయండి. (ఉదాహరణ: అన్నయ్య బాధపడతాడని అడగలేదట.)

5. ఇంట్లో పెద్దవాళ్ళు చిన్నప్పుడు ఆడిన ఒక కంప్యూటర్ ఆట పేరు కనుక్కోండి. అది ఇప్పుడు నడుస్తుందో లేదో వాళ్ళతో కలిసి చూడండి. నడిస్తే ఎలా నడిపించారో ఆరు వాక్యాల్లో రాయండి. నడవకపోతే ‘నడవదు’ అని రాయాలో ‘నడవట్లేదు’ అని రాయాలో మీరే తేల్చుకోండి.