నక్షత్రనౌకలో రష్యా యువకుడు

కల్పితకథలు కాలక్షేపమునకు మాత్రమే యని తలచువారు కలరు. కాని యొక కథలో నెవరికి చోటు దొరకెనో, ఎవరికి దొరకలేదో పరిశీలించినచో ఆకాలపు జనుల భయములును ఆశలును మనకు తేటపడును. అట్టి పరిశీలనకు తగిన పాత్ర పావెల్ చెకోవ్.

అమెరికాలో జీన్ రాడెన్‌బెరీ కల్పించిన ‘స్టార్ ట్రెక్’ అను టెలివిజను కథావళి 1966వ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీన ప్రసారమునకు వచ్చెను. ఇరువదిమూడవ శతాబ్దమున ఎంటర్‌ప్రైజ్ అను నక్షత్రనౌక సాగించు యాత్రలే దాని విషయము. ఆ నౌకలో ఆఫ్రికా స్త్రీ ఉహూరా, ఆసియావంశీయుడగు సూలూ, స్కాట్లండు దేశీయుడగు స్కాట్ తొలి సంవత్సరమునుండియు కలరు. రష్యావాడు మాత్రము లేడు. 1967లో రెండవ వరుస కథలు మొదలైనప్పుడు చెకోవ్ వచ్చి చేరెను. నౌకకు దారి నిర్ణయించుట ఆతని పని.

ఆ కాలమును జ్ఞప్తికి దెచ్చుకొందము. 1961 ఏప్రిలు 12వ తేదీన యూరీ గగారిన్ అను రష్యా దేశీయుడు మానవులలో మొదటివాడై అంతరిక్షమున భూమిని చుట్టివచ్చెను. 1962లో క్యూబాయందలి క్షిపణులను గూర్చి అమెరికా, సోవియట్ రాజ్యములు అణుయుద్ధమునకు మిక్కిలి చేరువగా వచ్చెను. అటుపిమ్మట ఐదేండ్లు నిండకమునుపే అమెరికా గృహములలో ఒక రష్యా యువకుడు నాయకుని విశ్వాసమునకు పాత్రుడై కనబడెను. అతడు గూఢచారి కాడు, ద్రోహి కాడు; సూలూ ప్రక్కన కూర్చుండి తన పని తాను చేయువాడు. ఈ పాత్రయందలి ఘనత యిదియే.

లోపములును లేకపోలేదు. గొప్ప వస్తువులను రష్యావారే కనిపెట్టిరని చెకోవ్ పలుమారు చెప్పుకొనును. స్కాట్లండువారి విస్కీని సైతము లెనిన్‌గ్రాడు ముసలమ్మ యొకతె కనిపెట్టెనని వాదించును. నవ్వు వచ్చుట నిజమే. కాని పరదేశీయుని నవ్వులపాలు చేయుట కథకులకు సులభమైన మార్గము. అతని యుచ్చారణమును గూర్చియు ఆక్షేపణ కలదు. ఆంగ్లమున ‘వి’ అను అక్షరము పలుకవలసినచోట అతడు ‘డబ్ల్యు’ ధ్వనిని పలుకును. రష్యావారు సాధారణముగ దీనికి విరుద్ధముగ పలుకుదురు. అయినను ఆ వేషము ధరించిన వాల్టర్ కోనిగ్ వలసవచ్చిన కుటుంబమువాడు. తన తండ్రి పలుకుబడినే అనుసరించితినని ఆయన చెప్పెను.

పిదప కథను చరిత్ర కొంతవరకు వెంబడించెను. 1975 జూలై 17వ తేదీన అమెరికా, సోవియట్ వ్యోమనౌకలు అంతరిక్షమున కలిసికొనగా, స్టాఫర్డ్, లియోనోవ్‌లు కరచాలనము చేసిరి. 2000 నవంబరు 2వ తేదీన అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమున మొదట నివాసమునకు చేరిన మువ్వురిలో ఒకరు అమెరికా వారు, ఇరువురు రష్యావారు. లెనిన్‌గ్రాడు 1991లో సెయింట్ పీటర్స్‌బర్గు అను పూర్వనామమును మరల పొందెను. ఆ నగరముననే 1989లో పుట్టిన ఆంటన్ యెల్చిన్ 2009 నాటి చలనచిత్రమున చెకోవ్ వేషము ధరించెను.

ఒక కథవలన రాజ్యముల పగ తీరెనని మేము చెప్పము. శత్రువని పేరుపడిన జాతివానికి ఒక ఆసనమును, ఒక బాధ్యతను ఇచ్చుట మాత్రము చిన్న కార్యము కాదు. విద్యార్థులారా, మీరు చదువు కథలలో పరాయివానికి ఏ పని అప్పగింపబడినదో, నవ్వించుట తప్ప అతనికి వేరు పని కలదో లేదో గమనింపుడు. మీరు కథ వ్రాయునపుడును ఈ ప్రశ్ననే వేసికొనుడు.