పేజీని బట్టే పనిముట్టు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ మెయిల్ అందింది. స్కూళ్ల ఫీజులు, హాజరు, టైంటేబుల్ చూసే మీ జాంగో అప్లికేషన్ గురించి టీమ్ రెండుగా చీలిందన్నావు. సగం మంది ఫ్రంటెండ్ అంతా రియాక్ట్‌లో తిరగరాద్దామంటున్నారు, మిగతా సగం జావాస్క్రిప్ట్ జోలికే పోవద్దంటున్నారు. నీకేమో ఎటువైపు మాట్లాడాలో తోచడం లేదు. ఇద్దరూ అప్లికేషన్ మొత్తానికి ఒకే జవాబు వెతుకుతున్నారు తల్లీ. ఈ జవాబు ఒక్కో పేజీకి ఒక్కోలా వస్తుంది.

జాంగో, రియాక్ట్ అనే ఈ రెండు పనిముట్లు ఎక్కడ పుట్టాయో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. జాంగో పుట్టింది ఒక దినపత్రిక ఆఫీసులో. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, లారెన్స్ జర్నల్ వరల్డ్ పత్రిక వెబ్‌సైట్లు చూసే ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ 2003లో దాని పని మొదలుపెట్టారు. 2005లో అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. పత్రికలో గడువు గంటల లెక్కన ఉంటుంది. అందుకే మోడల్ రాసి రిజిస్టర్ చేస్తే చాలు, అడ్మిన్ స్క్రీన్ తయారైపోతుంది. లాగిన్, అనుమతులు, ఫారాల తనిఖీ అన్నీ దానితోనే వస్తాయి.

రియాక్ట్‌ను ఫేస్‌బుక్‌లో జోర్డన్ వాక్ రాశాడు. 2013 మే నెలలో అది ఓపెన్ సోర్స్ అయింది. ఒకే పేజీలో పది భాగాలు ఒకే డేటా మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఆ డేటా మారిన వెంటనే పదీ తప్పు లేకుండా మారాలి. రియాక్ట్ తీర్చడానికి వచ్చిన బాధ అదే.

ఈ రెండూ కలిసి బతకలేవనుకునేవాళ్లకు ఇన్‌స్టాగ్రామ్‌ను చూపించు. కెవిన్ సిస్ట్రోమ్, మైక్ క్రీగర్ 2010లో దాన్ని జాంగో మీదే కట్టారు. 2012లో ఫేస్‌బుక్ ఆ కంపెనీని కొన్నది. ఇన్‌స్టాగ్రామ్ వెబ్‌సైట్‌కు రియాక్ట్ వాడాలని ఇంజినీర్ పీట్ హంట్ అనుకున్నాడు. కానీ అప్పటికి రియాక్ట్ ఫేస్‌బుక్ సొంత కోడ్‌తో పెనవేసుకుని ఉంది. దాన్ని విడదీయాల్సి వచ్చింది. రియాక్ట్ బయటి ప్రపంచానికి రావడానికి దారి వేసింది ఆ పనే. వెనక జాంగో, ముందు రియాక్ట్ అన్న జోడీ అంత పాతది.

అలాగని అంతా బ్రౌజర్‌కే అప్పగిస్తే ఏమవుతుందో ట్విటర్ చూసింది. 2010లో కొత్త సైట్ కట్టినప్పుడు పేజీని తయారుచేసే పనంతా జావాస్క్రిప్ట్‌కు ఇచ్చారు. స్క్రిప్ట్ దిగి, నడిచి, డేటా తెచ్చుకునేదాకా మొదటి ట్వీట్ కనిపించేది కాదు. 2012లో ఆ పనిని మళ్లీ సర్వర్‌కు మార్చారు. మొదటి పేజీ తెరుచుకునే సమయం అంతకుముందున్న దానిలో అయిదో వంతుకు దిగిందని ఆ కంపెనీ ఇంజినీర్లే ప్రకటించారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మొదటిది పూర్తిగా విడదీయడం. జాంగో ఏపీఐ మాత్రమే ఇస్తుంది, ఫ్రంటెండ్ వేరే ప్రాజెక్టు. మొబైల్ యాప్ కూడా అదే ఏపీఐ వాడుతుంటే, ఫ్రంటెండ్‌కు వేరే టీమ్ ఉంటే ఇది తగిన పద్ధతే. ఖర్చు మాత్రం ముందే లెక్క వేసుకోవాలి. రెండు డిప్లాయ్‌లు, రెండు చోట్ల రూటింగ్, ఇక్కడా అక్కడా అవే తనిఖీలు, డొమైన్లు వేరైతే కార్స్ (CORS) తలనొప్పి. జాంగో ఫారం ఊరికే ఇచ్చే ఎర్రర్ మెసేజ్‌ను కూడా చేత్తో రాసుకోవాలి.

రెండోది హెచ్‌టీఎమ్‌ఎల్‌నే సర్వర్ నుంచి ముక్కలుగా పంపడం. కార్సన్ గ్రాస్ 2020లో తెచ్చిన హెచ్‌టీఎమ్‌ఎక్స్ ఇదే చేస్తుంది. వెతుకుడు పెట్టెలో విద్యార్థి పేరు కొడుతుంటే సర్వర్ విద్యార్థుల పట్టిక ముక్కను మాత్రమే టెంప్లేట్‌తో తయారుచేసి పంపుతుంది, పేజీలో అంతమేరకే మారుతుంది. రెయిల్స్ అనే మరో ఫ్రేమ్‌వర్క్‌ను తయారుచేసినవాళ్లు హే అనే తమ మెయిల్ సర్వీసు కట్టిన పద్ధతినే 2020 డిసెంబరులో హాట్‌వైర్ పేరుతో విడుదల చేశారు. లారావెల్ ఫ్రేమ్‌వర్క్‌కు కేలెబ్ పోర్జియో రాసిన లైవ్‌వైర్‌దీ ఇదే తోవ.

మూడోది ఇనర్షియా. జోనథన్ రైనింక్ 2019లో మొదలుపెట్టాడు. లాగిన్, రూట్లు, అనుమతులు సర్వర్‌లోనే ఉంటాయి. వ్యూ మాత్రం టెంప్లేట్ పేరుకు బదులు రియాక్ట్ లేదా వ్యూజేఎస్ కాంపొనెంట్ పేరు, దానికి కావలసిన డేటా ఇస్తుంది. విడిగా ఏపీఐ రాసే పని తప్పుతుంది. లారావెల్‌లో ఇది బాగా పాతుకుపోయింది, జాంగోకూ అడాప్టర్ ఉంది.

నాలుగోది, మీకు సరిపోయేది, టెంప్లేట్ మధ్యలో అవసరమైన చోట మాత్రమే రియాక్ట్ పెట్టడం. ఫీజు రసీదు, విద్యార్థుల జాబితా, నెలవారీ హాజరు, ఇవన్నీ చదివే పేజీలు. వాటికి టెంప్లేట్ చాలు, వెతుకుడుకు హెచ్‌టీఎమ్‌ఎక్స్ తోడు చాలు. టైంటేబుల్ పేజీ వేరు. టీచర్ పీరియడ్‌ను లాగి ఇంకో గడిలో వేయగానే ఆ టీచర్‌కు అదే సమయంలో మరో క్లాసు ఉందా, గది ఖాళీగా ఉందా అన్నది పది చోట్ల ఒకేసారి మారాలి. రియాక్ట్ అక్కడ తన జీతం తాను సంపాదించుకుంటుంది.

కట్టేటప్పుడు అయిదు సంగతులు పట్టించుకో. టెంప్లేట్‌లో ఒక ఖాళీ డివ్ పెట్టి, రియాక్ట్‌ను దానికే తగిలించు. మొదటి డేటాను జాంగోలోని జేసన్ స్క్రిప్ట్ ఫిల్టర్‌తో పేజీలోనే పంపు. స్క్రిప్ట్ ట్యాగ్‌లో నేరుగా గుమ్మరిస్తే ఎవరో తమ పేరు గడిలో రాసిన కోడ్ అక్కడ నడిచే ప్రమాదం ఉంది, ఈ ఫిల్టర్ అలాంటి కోడ్‌లోని ప్రమాదకరమైన గుర్తులను ఎస్కేప్ చేస్తుంది. లాగిన్‌కు జాంగో సెషన్ కుకీనే వాడు. టోకెన్ తీసుకెళ్లి లోకల్ స్టోరేజ్‌లో దాచితే పేజీలో చొరబడిన ఏ స్క్రిప్టయినా దాన్ని చదవగలదు, సెషన్ కుకీ మాత్రం మామూలుగా జావాస్క్రిప్ట్‌కు కనిపించదు. మార్పులు పంపే ప్రతి రిక్వెస్ట్‌లో సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్‌ను హెడర్‌లో పెట్టాలి, ఎర్రర్ వచ్చిందని ఆ తనిఖీనే తీసేయమనేవాళ్ల మాట వినకు. బిల్డ్‌కు వీట్ వాడితే అది రాసే మ్యానిఫెస్ట్ ఫైలును చూసి టెంప్లేట్ సరైన బండిల్ పేరు తీసుకోవాలి. లేకపోతే కొత్త వెర్షన్ పెట్టాక కూడా కొందరికి పాత స్క్రిప్టే వస్తుంది.

నియమాలు ఎప్పుడూ సర్వర్‌లోనే ఉండాలి. ఒక టీచర్‌కు ఒకే సమయంలో రెండు క్లాసులు వేయకూడదన్న నియమాన్ని రియాక్ట్ చూసుకున్నా, సేవ్ చేసేటప్పుడు జాంగో మళ్లీ చూడాలి. ఇద్దరు ప్రిన్సిపాళ్లు ఒకేసారి మార్చితే బ్రౌజర్‌కు ఆ సంగతి తెలియదు.

ఇంకొకటి. మీ ఆఫీసులో అందరివీ ఖరీదైన ల్యాప్‌టాప్‌లు. ఫీజు కట్టే తల్లిదండ్రులు పేజీ తెరిచేది చవక ఫోన్‌లో. బండిల్ దిగాక దాన్ని చదివి నడిపించే భారమంతా ఆ ఫోన్ ప్రాసెసర్ మీదే పడుతుంది. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో నెట్‌వర్క్‌నూ ప్రాసెసర్‌నూ నెమ్మది చేసి ఫీజు పేజీని ఒకసారి మీ వాళ్లందరి ముందూ తెరువు.

వచ్చే మీటింగ్‌లోపు ప్రతి పేజీనీ ఒక పట్టికలో రాయి. పక్కన మూడు గడులు: ఎవరు వాడతారు, ఏ ఫోన్‌లో లేదా ఏ కంప్యూటర్‌లో వాడతారు, ఒక్క క్లిక్‌కు ఎన్ని చోట్ల మారాలి. మూడో గడిలో పెద్ద అంకె ఉన్న పేజీలను మాత్రమే రియాక్ట్‌కు ప్రతిపాదించు. మొదట టైంటేబుల్ ఒక్కటే చేయండి, నెల రోజులు వాడనివ్వండి, తర్వాత రెండో పేజీ మాట. పట్టిక నాకు కూడా పంపు, కలిసి చూద్దాం.

అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మామయ్య