ఉపవాసాలతో షుగరు పోతుందా?

ప్రశ్న: వయసు 46, బరువు 88 కిలోలు. నాలుగేళ్లుగా షుగరు మాత్రలు వాడుతున్నాను. స్నేహితులు అన్నం మాని కొవ్వు ఎక్కువగా తినే వీరమాచనేని డైట్ చేయమంటున్నారు, అమ్మ ఏకాదశి ఉపవాసాలంటోంది. మాత్రలు మానేయొచ్చా డాక్టరు గారూ?
– ఒక పాఠకుడు, వట్లూరు

జవాబు: ఏ దారిలో వెళ్లినా అసలు పని బరువు తగ్గడమేనండీ. బ్రిటన్‌లో జరిగిన ‘డైరెక్ట్’ అధ్యయనం (2017)లో రోజుకు సుమారు 850 కేలరీలతో మొదలుపెట్టి 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్లలో 86 శాతం మందికి ఏడాదికల్లా మందులు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. కాలేయంలో, క్లోమంలో పేరుకున్న కొవ్వు కరగడమే కారణమని పరిశోధకుల మాట. ఆ అధ్యయనంలో పాల్గొన్నవాళ్లెవరికీ జబ్బు వచ్చి ఆరేళ్లు దాటలేదు, కాబట్టి మీకూ ఆశ ఉంది.

కానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని పస్తుంటే షుగరు మరీ తగ్గిపోయి, చెమటలు పట్టి పడిపోవచ్చు. మోతాదు ముందే మీ డాక్టరు చేత మార్పించుకోండి, సొంతంగా ఆపొద్దు. తిండి విషయానికొస్తే, మీ కొల్లేరు చేపలు మానక్కర్లేదు. వేపుడు బదులు పులుసు, అన్నం సగం. తగ్గిన బరువు మళ్లీ పెరిగితే షుగరూ తిరిగొస్తుంది. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించుకోండి.