గూగుల్‌లో మీ తోట కనపడాలంటే...

'అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి' అన్న సామెత రైతుకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? మామిడి తోటను పూతమీదే గుత్తకిస్తే వ్యాపారి చెప్పిందే రేటు. యార్డుకు తోలితే కమీషను, హమాలీ, తరుగు ఉండనే ఉన్నాయి. కాపులో కొంతైనా తినేవాళ్ళకే నేరుగా అమ్ముకోవాలంటే, మీ తోట ఫలానా చోట ఉందని వాళ్ళకు తెలియాలి. పట్నంవాళ్ళు ఇప్పుడు ఏది కావాలన్నా సెల్‌ఫోనులో గూగుల్‌నే అడుగుతున్నారు. అందులో మీ పేరు నమోదు చేసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

గూగుల్ ఎలా వెతుకుతుంది?

మనం అడిగినప్పుడు గూగుల్ అప్పటికప్పుడు లోకమంతా గాలించదు. ముందుగానే వెబ్‌సైట్లు చదివి, పుస్తకం చివరి పదాల పట్టికలాంటిది తయారుచేసి పెట్టుకుంటుంది. దగ్గరలోని వ్యాపారాలను చూపేటప్పుడు ముఖ్యంగా మూడు సంగతులు చూస్తుంది. ఒకటి, అడిగినదానికి మీ సరుకు సరిపోతుందా? రెండు, అడిగినవారికి మీరెంత దూరం? మూడు, మీకెంత పేరుంది? నూజివీడు తోట హైదరాబాదులో మొదట కనపడటం కష్టం. కాబట్టి ముందు మీ దగ్గరి పట్నం మీద దృష్టి పెట్టండి.

నమోదు చేసుకునే పద్ధతి

'గూగుల్ బిజినెస్ ప్రొఫైల్'లో తోట పేరు, ఊరు, ఫోను నంబరు, అమ్మే వేళలు నింపాలి. కొనేవాళ్ళు తోటకు రావాలి, లేదా మీరే వాళ్ళ ఇంటికి చేర్చాలి. ఈ రెండూ లేకపోతే నమోదు కుదరదు. తర్వాత గూగుల్ తనిఖీ చేస్తుంది. ఫోను ద్వారా గానీ, తోటను వీడియో తీసి పంపమని గానీ అడుగుతుంది. పది ఇరవై పెట్టెలు అమ్ముకునే రైతుకు ఇది చాలు, సొంత వెబ్‌సైట్ అక్కరలేదు. ఈ ప్రొఫైల్‌తోపాటు గూగుల్ ఉచితంగా ఇచ్చే చిన్న వెబ్‌సైట్లు 2024 మార్చిలో ఆగిపోయాయి.

ఏం రాయాలి?

'నాణ్యమైన ఉత్పత్తులు' అని రాస్తే ఏం లాభం? ఆ మాటతో ఎవరూ వెతకరు. 'చిన్నరసాలు, 5 కిలోల పెట్టె, కార్బైడ్ వాడం, గడ్డిలో మాగవేసినవి' అని కొనేవారి నోట వచ్చే మాటలే రాయండి. తెలుగులోనూ, ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాస్తే మంచిది. వివరాలు ఫొటో మీద రాయించి ఊరుకోవద్దు, అక్షరాలుగా టైపు చేయించండి. అవే మాటలు పదిసార్లు రాసినా, తోట పేరులో సరుకుల పేర్లన్నీ కలిపినా మేలు జరగదు సరికదా, ప్రొఫైల్‌నే ఆపేయవచ్చు.

కాయ కోత అయిపోగానే 'తాత్కాలికంగా మూసివేత' అని పెట్టాలి. లేకపోతే అంతదూరం వచ్చి వట్టిచేతుల్తో వెళ్ళినవారు చెడ్డగా రాసిపోతారు. కొన్నవారిని అభిప్రాయం రాయమని అడగవచ్చు గానీ, అందుకు పండ్లో తగ్గింపో ఆశ చూపడం నిబంధనలకు విరుద్ధం. ఎవరైనా తప్పుపట్టినా మర్యాదగానే జవాబివ్వండి.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

* 'పదివేలు కట్టండి, మీ పేరు మొదటి స్థానంలో పెడతాం' అని ఫోను వస్తే నమ్మొద్దు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. డబ్బు తీసుకుని చూపేవి ప్రకటనలు. వాటిపైన ఆ సంగతి రాసి ఉంటుంది. డబ్బు ఆగితే ప్రకటనా ఆగుతుంది.

* 'గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, కట్టకపోతే పేరు తీసేస్తాం' అన్నా భయపడొద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

* నెట్ సెంటరులో చేయించినా ఖాతా మీ పేరు మీద, మీ ఫోను నంబరుతోనే ఉండాలి. లేకపోతే మీ తోట తాళం వేరేవాళ్ళ చేతిలో ఉన్నట్టే.

మొదటి ఏడే కాపంతా దీనిమీద పెట్టుకోవద్దు. రెండు మూడు చెట్ల కాయతో మొదలుపెట్టి, పెట్టెల ఖర్చు, రవాణా, దెబ్బతిన్న కాయ పోగా కిలోకు ఎంత మిగిలిందో రాసుకోండి. గుత్త రేటు కంటే మేలనిపిస్తేనే వచ్చే ఏడు పెంచండి.