ఆ మాట నాన్న నోటి నుంచే రావాలి

సమస్య: మా అబ్బాయికి 13 ఏళ్లు. ఫోన్‌లో గేమ్ ఆడుతూ పరిచయమైన ఒకతనితో రోజూ రాత్రి మాట్లాడుతున్నాడు. అతనికి ముప్పై దాటాయట. వీడు ‘అన్నా’ అంటాడు. అతను వీడికి గేమ్‌లో డైమండ్స్ కూడా కొనిపెట్టాడు. మొన్న ఛాట్ చూస్తే, ‘మీ నాన్నకు తెలిస్తే ఫోన్ పగలగొడతాడు, ఎవరికీ చెప్పకు’ అని ఉంది. మావారు నిజంగానే పగలగొడతానంటున్నారు. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

సలహా: మీ భయం సహజమేనమ్మా. పిల్లలు ఆన్‌లైన్‌లో పెద్దవాళ్లతో మాట్లాడటమే ముప్పని కాదు. చెస్ నేర్పే మాస్టారూ, అమెరికాలో ఉన్న మేనమామా మాట్లాడేదీ అక్కడే. కానీ వాళ్లెవరూ ‘ఇంట్లో చెప్పకు’ అనరు. కానుకలిచ్చి మచ్చిక చేసుకుని, రహస్యంగా ఉంచమనేవాణ్ని అనుమానించాల్సిందే. అతని ధైర్యమంతా మీవారి కోపం మీదే ఆధారపడి ఉంది. ఇప్పుడు ఫోన్ పగిలితే అతని మాటే నిజమవుతుంది. బాబు రేపు స్నేహితుడి ఫోన్‌లోంచి మాట్లాడతాడు, అదీ మీకు తెలియదు. ‘చూస్తూ ఊరుకోమంటారా?’ అని మీవారు అడగొచ్చు. ఊరుకోవద్దు, ఆ పరిచయం తెగాల్సిందే. అయితే ముందు ఛాట్ చూశామని దాచకుండా చెప్పి, ‘నీ తప్పేం లేదు, ఫోన్ పగలగొట్టను, జరిగిందంతా చెప్పు’ అనాలి. బాబు భయపడేది నాన్నకే కాబట్టి ఆ మాట ఆయనే అనాలి. ఫొటోలు అడిగాడా, కలుద్దామన్నాడా, బెదిరించాడా అన్నది అప్పుడే బయటికొస్తుంది.

ఆ తర్వాత అతని ప్రొఫైల్, ఐడీ, తేదీలతో సహా మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే బ్లాక్ చేయండి; ముందే డిలీట్ చేస్తే ఆధారం పోతుంది. పిల్లవాడి నగ్నచిత్రాలేవైనా ఉంటే మాత్రం వాటిని కాపీ చేయొద్దు, బంధువులకు పంపొద్దు. ఫోన్‌ను అలాగే పోలీసులకు చూపండి. సలహాకైనా సాయానికైనా పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. లైంగిక ఉద్దేశంతో పిల్లల్ని ఆన్‌లైన్ పరిచయంలోకి దింపడం ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరం. మొదటిసారికే 5 ఏళ్ల దాకా జైలు. ‘కేసంటే పరువు పోదా?’ అని చాలామంది వెనకాడతారు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం బాధిత పిల్లల పేరు, చిరునామా, బడి పత్రికల్లో బయటపెట్టడమే నేరం. మన మౌనం కాపాడేది ఆ మనిషి పరువునే. అతను ఇంకో పిల్లవాడికి డైమండ్స్ కొనిపెట్టకముందే కదలండి.