మూత తీసే ముందు ఒక మాట

బిడ్డా,

నాచారంల పాత ఫోర్‌నాట్‌సెవెన్ కొన్నవని మీ బాపు చెప్పిండు. మనదిక్కు ఏ చిన్న లారీనైనా డీసీఎం అనే అంటరు గని, నీది అసలైన టాటా బండి. ఆ మోడల్ 1986ల వచ్చినప్పటిసంది చూస్తున్న, గట్టిదే. ఇనుప లోడు ఎక్కినంక ఉప్పల్ రింగ్ రోడ్డు కాడికి వచ్చేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత తాకుతున్నదట. ఇంజిన్ పని అయిపోయిందని అప్పుడే బెంగపడకు.

మనకాడ బండి వేడెక్కేది ఉరికినప్పుడు కాదు, పాకినప్పుడు. హబ్సిగూడ చౌరస్తల ఆగుడు, ఉప్పల్ల ఆగుడు. ఆడికెల్లి నారపల్లి దిక్కు 2018ల ఫ్లైఓవర్ పని షురూ అయినంక రోడ్డే ఇరుకైంది. బండి కదలకపోతే ఎదురుగాలి రాదు. అప్పుడు రేడియేటర్‌కు ఫ్యానే దిక్కు, ఫ్యాన్‌కు బెల్టే దిక్కు. రెండు పుల్లీల నడుమ బెల్టును బొటనవేలితో నొక్కి చూడు. అరంగుళం కంటే ఎక్కువ దిగితే వదులైనట్టే. లోపలి అంచు అద్దంలెక్క మెరిసిందా, మార్చెయ్యి. అది పట్టదు, జారుతది.

ఇగ నీళ్ల సంగతి. బోరు నీళ్లు పోస్తున్నవా? ఇంట్ల నీళ్లు కాగబెట్టే గిన్నె అడుగున తెల్లగ పేరుకున్న పొరను గోరుతోటి గీకి చూడు. అదే పొర రేడియేటర్ గొట్టాలల్ల పడితే, నీళ్లు నిండుగనే ఉన్నా వేడి బయటికి పోదు. పాత నీళ్లన్నీ వంపి, కడిగి, సగం కూలెంటు సగం డిస్టిల్డ్ వాటర్ పొయ్యి. రేడియేటర్ జాలీని ఇంజిన్ దిక్కు నుంచి బయటికి కడగాలె, అదీ మెల్లగ. పైపు జోరుగ కొడితే రేకులు వంగుతయి.

నేను జేసిన తప్పొకటి చెప్త. ఒక మెకానిక్ 'ఎండకాలంల ఇదెందుకన్నా' అని థర్మోస్టాట్ పీకి పారేసిండు. నేను నవ్వుకుంట ఊకున్న. పొద్దుగాల ఇంజిన్ వేడెక్కక డీజిల్ తాగేది. లోడుల మాత్రం ఇంకింత కాగేది. బైపాస్ దారి మూసే పని గూడ ఆ వాల్వుదేనట, అది లేకపోతే కొన్ని నీళ్లు రేడియేటర్‌కు పోకుండనే ఇంజిన్‌లకు తిరిగొస్తయి. ఆ సంగతి హెడ్ గ్యాస్కెట్ పోయినంక తెలిసింది. పాడైతే కొత్తది పెట్టియ్యి గని, తీసెయ్యనియ్యకు.

రేడియేటర్ మూతను గూడ చిన్నదనుకోకు. హైదరాబాద్ ఎత్తుకు ఉట్టి నీళ్లు 98 డిగ్రీల కాడనే మసులుతయి. 0.9 అని రాసున్న మూత ఒత్తిడి పట్టిపెట్టి వాటిని దగ్గర దగ్గర 118 దాక ఆపుతది. రబ్బరు వాచరు చీలిందా, ఆ ఒత్తిడి పోయినట్టే.

గేరు పెద్దదేసి ఇంజిన్‌ను మూలిగించకు. చిన్న గేర్ల కొంచెం ఎక్కువ తిరిగితేనే ఫ్యాన్, వాటర్ బాడీ జోరుగ పనిజేస్తయి. లోడు పాసింగ్ ఎంతుంటే అంతే. సేటు బతిమిలాడినా ఇంకో టన్ను ఎక్కియ్యకు.

ముల్లు ఎక్కితే పక్కకు ఆపి న్యూట్రల్ల పెట్టు. నీళ్లు కారకపోతే, బెల్టు తెగకపోతే వెంటనే బంద్ చెయ్యకు, రెండు మూడు నిమిషాలు ఐడిల్ కంటే జర ఎక్కువ తిప్పు. నీళ్లు కారుతున్నా, బెల్టు తెగినా ఆ క్షణమే బంద్ చెయ్యి. మీద సల్లనీళ్లు గుమ్మరియ్యకు, హెడ్డు పగులుతది. మూత ముట్టకు. నా కుడి మోచేతి మీద మచ్చ చూసినవు కదా, మీ పెద్దమ్మ నూనె కాలిందని అందరికి చెప్తది. అది మేడిపల్లి కాడ తడిబట్ట ఏసి మూత తిప్పినప్పటిది.

డిప్‌స్టిక్ తీసి ఇంజిన్ ఆయిల్ చూడు. పాలు కలిసిన చాయలెక్క ఉంటే బండి కదపకు, నాకు ఫోన్ చెయ్యి. లేకుంటే ఆదివారం తెల్లారక ముందే తీసుకరా. ఇంజిన్ చల్లగుండాలె, నేనే మూత తీసి చూస్త.

మీ పెద్దబాపు