మిద్దె మీది ఎండ

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, వరికుంటపాడు, ఉదయగిరి ప్రాంతాలలో గ్రీష్మం నిప్పులు చెరుగుతుంది. పూర్వపు పూరింటి కప్పు ఆ ఎండను పైననే నిలువరించేది. నిప్పుకూ గాలివానకూ లోకువైన ఆ ఇంటిని మరల కోరనక్కరలేదు. కాని అది ఎరిగిన ధర్మాన్ని నేటి మిద్దె ఎరుగదు. కాంక్రీటు పగలంతా వేడిని దాచుకొని, సరిగా నిద్రవేళకు ఇంటిలోనికి వదులుతుంది. ఫ్యాను ఆ వేడిగాలినే త్రిప్పుతుంది. నిద్ర దక్కదు, బిల్లు తప్పదు.

కనుక చికిత్స కప్పుతోనే మొదలుకావాలి. తెల్లని పూత సూర్యరశ్మిలో అధిక భాగాన్ని వెనుకకు మరలిస్తుంది. మిద్దెకు సున్నం కొట్టడం మన పెద్దలెరిగిన పనియే. వానకు చెదరిపోతుంది గనుక ఏటా వేసవికి ముందే కొట్టాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఈ సూత్రాన్నే ‘కూల్ రూఫ్’ విధానంగా ప్రకటించింది. పడమటి గోడకు వేపచెట్టు నీడ తోడైతే సాయంకాలపు తాపమూ తగ్గుతుంది.

యంత్రాల మాట ఆ తరువాతిది. 75 వాట్ల ఫ్యాను రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు సుమారు 34 యూనిట్లు ఖర్చవుతాయి. 30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యానుకు 14 యూనిట్లు చాలు. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరిగే మన రాష్ట్రంలో ఆ 20 యూనిట్లు పేదయింటికి స్వల్పం కావు.